టీచింగ్ ఆస్పత్రిలో పెద్ద మార్పు వస్తోందా? స్టాఫ్ అందరికీ చేరేలా చెప్పడం ఎలా

"సర్క్యులర్ పంపాం. వాట్సాప్ గ్రూపులో పెట్టాం. రిజిస్టర్లో సంతకాలు కూడా తీసుకున్నాం. అయినా సోమవారం పొద్దున్న ఎవర్ని అడిగినా తెలీదంటారు. ఏం చేయమంటారండీ?"

కాకినాడ నుంచి ఏలూరు దాకా టీచింగ్ ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఒకరు ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) అక్రిడిటేషన్ పెట్టుకున్నామంటారు, ఒకరు ఓపీ మొత్తం కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నామంటారు, ఇంకొకరు కొత్త బ్లాక్‌లోకి వార్డులు మారుస్తున్నామంటారు. జబ్బు మాత్రం అందరిదీ ఒకటే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు వరసగా రాసేస్తే మేలనిపించింది. నర్సింగ్ డ్యూటీల్లో చాలా ఏళ్లు, ఆ తర్వాత క్వాలిటీ సెల్‌లో కొన్నేళ్లు చేశాను. ఇందులో సగం నా తప్పుల వల్ల నేర్చుకున్నదే.

ఆ తప్పుల్లో పెద్దది ముందే చెప్పేస్తాను. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఓపీ చీటీలకి క్యూఆర్ కోడ్ పద్ధతి పెట్టాం. ఫోన్‌తో కోడ్ స్కాన్ చేస్తే ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య) ఖాతాలోంచి పేరు, వయసు, ఊరు కౌంటర్‌కి వచ్చేస్తాయి, టోకెన్ నంబరు వస్తుంది. శనివారం సాయంత్రం 5 గంటలకి సర్క్యులర్ వెళ్లింది. సోమవారం 8 గంటలకి ఓపీ తెరిచాం. లంక గ్రామం నుంచి తెల్లారకుండానే పడవ దాటి వచ్చిన ఒక పెద్దాయన గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాణ్ని అడిగాడు: "ఇవాళ్టి నుంచి ముందు స్కాన్ చేయించుకోవాలంట కదా బాబూ, ఎక్కడ?" ఆ కుర్రాడిది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, మా గ్రూపుల్లో దేంట్లోనూ లేడు. "స్కానింగా? వెనకాల బిల్డింగండి" అని రేడియాలజీ వైపు చెయ్యి చూపించాడు. 9 గంటలయ్యేసరికి అల్ట్రాసౌండ్ గది ముందు ఓపీ చీటీ కోసం పెద్ద క్యూ. లోపల టెక్నీషియన్‌కి ఏం జరుగుతోందో తెలీదు, బయట వాళ్లకి ఎందుకు తిడుతున్నారో తెలీదు.

ఆ కుర్రాడి తప్పు ఇందులో ఏమీ లేదు. అతనికి మేం చెప్పలేదు. చెప్పిన వాళ్లకి కూడా ఇంగ్లీషులో, శనివారం సాయంత్రం చెప్పాం.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఖర్చు పెద్దగా లేదు. ఇవి ఉంటే చాలు:

- బాధ్యత తీసుకునే ఒక్క మనిషి. కమిటీ కాదు, మనిషి. ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) కావచ్చు, నర్సింగ్ సూపరింటెండెంట్ ఆఫీసులో ఎవరైనా కావచ్చు, ప్రైవేటు కాలేజీ అయితే హెచ్‌ఆర్‌లో ఒకరు కావచ్చు. స్టాఫ్‌కి ఆ మనిషి ఫోన్ నంబరు తెలియాలి.
- అన్ని విభాగాల డ్యూటీ రోస్టర్లు. నర్సింగ్‌వి సులువుగా దొరుకుతాయి. శానిటేషన్, సెక్యూరిటీ వాళ్లవి కాంట్రాక్టరు సూపర్‌వైజర్ దగ్గర ఉంటాయి, అడిగితేనే ఇస్తారు.
- సూపరింటెండెంట్ సంతకం ఉన్న ఉత్తర్వు. అది లేకుండా మొదలుపెడితే మధ్యలో ఎవరో ఒక హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) "నాకు ఆర్డరు రాలేదు" అంటారు, అక్కడితో ఆగిపోతుంది.
- తెలుగులో ఒక పేజీ కాగితం. ఎలా రాయాలో కింద చెప్తాను.
- ఒక లాంగ్ నోట్‌బుక్, ప్రశ్నలు రాసుకోడానికి.
- కనీసం 10 రోజుల టైము. రేపే మొదలుపెట్టమని పైనుంచి ఒత్తిడి ఉంటే, ఈ వ్యాసం చివర్లో దానికో దారి ఉంది.

1. మార్పుని ఒక్క వాక్యంలో రాయండి

"రోగులకు మెరుగైన డిజిటల్ సేవల దిశగా మన సంస్థ మరో ముందడుగు" అని రాస్తే పేపర్ వాళ్లకి పనికొస్తుంది గానీ వార్డులో ఎవరికీ పనికిరాదు. ఇలా రాయండి: "జూన్ 9 సోమవారం నుంచి ఓపీ చీటీ ఫోన్ ఉన్నవాళ్లకి 1, 2 కౌంటర్లలో, ఫోన్ లేనివాళ్లకి 3, 4 కౌంటర్లలో పాత పద్ధతిలోనే ఇస్తారు."

తేదీ, వారం, ఎవరికి, ఎక్కడ అనే నాలుగూ అందులో ఉండాలి. రాయడం కుదరకపోతే లోపం మీ భాషలో లేదు. పైన ఇంకా ఏదో తేలలేదు. వెళ్లి తేల్చుకురండి. తేలని విషయం స్టాఫ్‌కి చెప్తే, వారం తర్వాత మార్చి చెప్పాల్సొస్తుంది. రెండుసార్లు మార్చి చెప్పారంటే మూడోసారి మీ మాట ఎవరూ వినరు.

2. ఎవరికి ఎంత చెప్పాలో విడదీయండి

టీచింగ్ ఆస్పత్రిలో "స్టాఫ్" అంటే ఒక రకం మనుషులు కాదు. ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, నర్సింగ్ విద్యార్థులు, ల్యాబ్, ఎక్స్‌రే, ఫార్మసీ, ఆఫీసు గుమాస్తాలు, ఎంఎన్‌వోలు, ఎఫ్‌ఎన్‌వోలు (వార్డుల్లో సాయం చేసే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు), శానిటేషన్, సెక్యూరిటీ, ఆరోగ్యమిత్రలు. ఒక్కొక్కరికి జీతం ఇచ్చేది ఒక్కో చోటు, ఒక్కొక్కరి మీద అజమాయిషీ ఒక్కొక్కరిది. కాగితం మీద మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, చేసే పనే మారేవాళ్లు. ఓపీ ఉదాహరణలో కౌంటర్ సిబ్బంది, మెడికల్ రికార్డుల సెక్షన్, ఓపీ గదుల్లో కూర్చునే డాక్టర్లు. వీళ్లకి ట్రైనింగ్ కావాలి, కాగితం సరిపోదు.

రెండో కుప్ప, పని మారదు గానీ రోగులు దారి అడిగేది వీళ్లనే. సెక్యూరిటీ, ఊడ్చేవాళ్లు, లిఫ్ట్ దగ్గర కూర్చునే మనిషి, స్ట్రెచర్ తోసే ఎంఎన్‌వో, సైకిల్ స్టాండు, క్యాంటీన్, గేటు బయట టీ కొట్టు. టీ కొట్టు మీ స్టాఫ్ కాదు, నిజమే. కానీ రాత్రి బస్సు దిగి వచ్చినవాళ్లు ముందు అడిగేది అక్కడే. ఒక కాగితం ఇచ్చి రండి, పోయేదేం లేదు.

మూడో కుప్ప, తెలిస్తే చాలు అనుకునేవాళ్లు. ఫార్మకాలజీ డిపార్ట్‌మెంట్, లైబ్రరీ, హాస్టల్ వార్డెన్. వీళ్లకి మెసేజ్ చాలు.

అందరూ తప్పు చేసేది రెండో కుప్పలో. మేం చేసిందీ అక్కడే.

3. రోస్టర్ ముందు పెట్టుకుని తేదీలు వేయండి

మీ దగ్గర నైట్ డ్యూటీ ఎన్ని రోజులకోసారి మారుతుందో చూడండి. రోస్టర్ ఒక చుట్టు పూర్తిగా తిరిగేంత కాలం చెప్తూనే ఉండాలి. లేకపోతే నైట్ ఆఫ్‌లో ఉన్నవాళ్లు, సెలవు మీద ఊరెళ్లినవాళ్లు తప్పకుండా మిస్సవుతారు. నేను వాడే లెక్క ఇది: మార్పుకి 10 రోజుల ముందు వార్డు ఇన్‌చార్జిలకి, 7 రోజుల ముందు కాగితం, 7 నుంచి 3 రోజుల ముందు దాకా ప్రతి షిఫ్టు హ్యాండోవర్‌లో, 2 రోజుల ముందు పరీక్ష, ఆ పరీక్షలో తేలిన లోపాలకి చివరి రోజు.

చాలామంది మర్చిపోయే రెండు గుంపులున్నాయి. హౌస్ సర్జన్ల 12 నెలల ఇంటర్న్‌షిప్‌లో పోస్టింగులు మారుతూనే ఉంటాయి. మెడిసిన్ వార్డులో చెప్పించుకున్న పిల్లాడు వచ్చే వారం గైనిక్‌లో ఉంటాడు. వాళ్లకి వార్డుల వారీగా కాకుండా బ్యాచ్ లీడర్ల ద్వారా చెప్పండి. రెండోది, జిల్లా రెసిడెన్సీ కింద 3 నెలలు బయట ఆస్పత్రులకి వెళ్లిన పీజీలు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఇక్కడ సగం పద్ధతులు మారి ఉంటాయి. వచ్చిన రోజే చేతిలో పెట్టేలా ఒక కవర్ తయారు చేసి డిపార్ట్‌మెంట్ గుమాస్తా దగ్గర ఉంచండి.

హెచ్చరిక: సంక్రాంతి వారంలో ఏ పెద్ద మార్పూ పెట్టకండి. మన వైపు కనుమ, ముక్కనుమ దాకా సగం మంది మనసు ఊళ్లోనే ఉంటుంది. జులై, ఆగస్టుల్లో గోదావరి వరద టైములో కూడా వద్దు. వీలైతే సోమవారం కూడా మానుకోండి, ఓపీ కిటకిటలాడేది ఆ రోజే. బుధ, గురువారాలు నయం. తేదీ పైనుంచే సోమవారం అని వస్తే మాత్రం, ముందు గురువారం ఒక కౌంటర్‌లో రిహార్సల్ పెట్టుకోండి.

4. ముందు వార్డు ఇన్‌చార్జిలకి, ముఖాముఖి

సర్క్యులర్ బయటికి రాకముందే హెడ్ నర్సులు, సెక్షన్ ఇన్‌చార్జిలు, కాంట్రాక్టరు సూపర్‌వైజర్లని కూర్చోబెట్టి చెప్పండి. అరగంట చాలు. ఇక్కడ మీరు చెప్పేదానికంటే వాళ్లు చెప్పేది ఎక్కువ వినాలి. "3వ కౌంటర్ పక్కన ర్యాంపు లేదండి, వీల్‌చైర్ ఎలా?" అన్న మాట మాకు ఒక ఇన్‌చార్జి సిస్టర్ నోటి నుంచే వచ్చింది. ప్లాన్ గీసిన ఇంజనీరు గారికి ఆ సంగతే తట్టలేదు.

హెచ్‌ఓడీల విషయం వేరు. పెద్ద ప్రొఫెసర్లు మీటింగుకి రారు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని పంపుతారు, ఆయన వెనక్కి వెళ్లి చెప్పడు. వాళ్ల గదికి మీరే వెళ్లండి. ఐదు నిమిషాలు, ఒక్క కాగితం. "సర్, మీ యూనిట్‌కి మారేది ఇదొక్కటే" అని మొదలుపెడితే వింటారు.

5. ఒక పేజీ కాగితం రాయండి

అన్నిటికంటే ఎక్కువ టైము దీనికే పెట్టండి.

గోదావరి వరదలప్పుడు ధవళేశ్వరం ప్రమాద హెచ్చరికలు ఎలా ఉంటాయో ఒకసారి ఆలోచించండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లు క్యూసెక్కుల లెక్కలు అడగరు. మొదటిది అనగానే గొడ్లని గట్టు మీదకి తోలాలి, రెండోది అనగానే ముసలివాళ్లని, పిల్లల్ని దాటించాలి. నంబరు వినగానే చేయాల్సిన పని గుర్తొస్తుంది. మీ కాగితం కూడా అలాగే పనిచేయాలి. చదివినవాడికి "అయితే నేనేం చేయాలి" అన్నదానికి జవాబు వెంటనే దొరకాలి.

నేను రాసే వరస ఇది:

- పైన ఆ ఒక్క వాక్యం, పెద్దక్షరాల్లో.
- "మీరు చేయాల్సింది": రెండు మూడు లైన్లు. సెక్యూరిటీ కాగితంలో సెక్యూరిటీ పని, నర్సుల కాగితంలో నర్సుల పని. అందరికీ ఒకే కాగితం ఇవ్వకండి.
- "రోగులు ఇలా అడుగుతారు, మీరు ఇలా చెప్పండి": మూడు ప్రశ్నలు, మూడు జవాబులు.
- "మారనివి": ఓపీ టైము మారదు, ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్ మారదు, క్యాజువాలిటీకి వచ్చినవాళ్లకి ఈ కోడ్ గొడవే లేదు.
- ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, పగలు ఒక నంబరు, రాత్రి ఒక నంబరు.
- కింద మూలన తేదీ, "ఇది 2వ కాగితం, మొదటిది చించేయండి" అని.

"మారనివి" అన్న భాగం చిన్నదే గానీ సగం టెన్షన్ తీసేది అదే. మనిషికి మార్పు కంటే, ఇంకా ఏమేం మారతాయో అన్న భయం ఎక్కువ.

ఎవరూ పైకి అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది: "మా ఉద్యోగాలు ఉంటాయా?" కంప్యూటర్ అన్నా, కొత్త ఏజెన్సీ అన్నా, బయోమెట్రిక్ అన్నా ఔట్‌సోర్సింగ్ వాళ్లకి ముందు వచ్చే ఆలోచన అదే. మీరు మాట్లాడకపోతే ఆ ఖాళీని టీ కొట్టు నింపుతుంది. తేలిన సంగతైతే కాగితంలోనే రాయండి: "కౌంటర్ సిబ్బంది సంఖ్య తగ్గదు." తేలకపోతే అది కూడా చెప్పండి: "దీని మీద నిర్ణయం ఇంకా కాలేదు, ఫలానా తేదీన చెప్తాం." ఆ తేదీన చెప్పండి. చెప్పడానికి ఏమీ లేకపోయినా, "ఇంకా కాలేదు" అని చెప్పడానికైనా వెళ్లండి. ధైర్యం చెప్పాలని అబద్ధం మాత్రం చెప్పకండి. అది బయటపడే రోజు వస్తుంది, ఆ తర్వాత మీ కాగితాల్లో ఏం రాసినా నమ్మరు.

మాటల విషయం. "స్కాన్" అన్న మాట మమ్మల్ని ముంచింది కదా, రెండో కాగితంలో దాన్ని పూర్తిగా తీసేసి "ఫోన్ చీటీ", "మామూలు చీటీ" అని రాశాం. ఆ వారంలోనే రోగులు కూడా అలాగే అనడం మొదలుపెట్టారు. రాసిన కాగితాన్ని ముందు ఒక ఎఫ్‌ఎన్‌వో చేత పైకి చదివించండి. ఎక్కడ తడబడితే ఆ మాట మార్చండి. బయోమెడికల్ వ్యర్థాల నియమాలు 2016లో వచ్చాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఏ డబ్బాలో ఏది వేయాలో ఇప్పటికీ కొన్ని వార్డుల్లో ఇంగ్లీషు పోస్టరే వేలాడుతుంటుంది. సూదులు తెల్ల డబ్బాలోకి అని బొమ్మ గీసిన చోట పొరపాట్లు తక్కువగా చూశాను. చదువుకోనివాళ్ల కోసం మాత్రమే బొమ్మలని అనుకోకండి, తెల్లారి 4 గంటలకి డాక్టరుకి కూడా బొమ్మే సులువు.

6. హ్యాండోవర్‌లో మూడు నిమిషాలు

చాలా ఆస్పత్రుల్లో నర్సుల డ్యూటీలు 8 గంటలకి, 2 గంటలకి, రాత్రి 8 గంటలకి మారతాయి. వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు ఇద్దరూ ఉండేది ఆ పావుగంటే. అందులో మూడు నిమిషాలు అడుక్కోండి. అంతకు మించి తీసుకోకండి, వెళ్లేవాళ్ల కాళ్లు అప్పటికే బస్టాండు వైపు ఉంటాయి. ఇన్‌చార్జి సిస్టర్ కాగితం చదివి, ఆ తర్వాత ఒకరిని అడగాలి.

ఈ అడగడమే అసలు కిటుకు. మన గోదావరి జిల్లాల్లో ఒక అలవాటుంది. ఏం చెప్పినా "ఆయ్" అంటాం. "రేపటి నుంచి 3వ కౌంటర్ అండి." "ఆయ్." "ఫోన్ లేనివాళ్లని అటు పంపాలి." "ఆయ్ అండి." అందులో మర్యాద ఉంది, వింటున్నామన్న గుర్తు ఉంది. అర్థమైందన్న హామీ మాత్రం లేదు. నేను కూడా పెద్ద డాక్టర్ల రౌండ్స్‌లో ఏమీ అర్థం కాకుండానే ఎన్నో "ఆయ్"లు అన్నాను.

కాబట్టి "అర్థమైందా?" అని అడగొద్దు. "ఒక ముసలామె వచ్చి, నాకు ఫోన్ లేదు బాబూ అంటే నువ్వేం చెప్తావు?" అని అడగండి. చెప్పలేకపోతే కోప్పడకండి, మన చెప్పడంలో లోపం అని కాగితం సరిచేయండి. పదిమంది ముందు ఒకరిని నిలబెట్టి పరీక్ష పెట్టినట్టు చేస్తే మర్నాటి నుంచి హ్యాండోవర్‌కి ఆలస్యంగా రావడం మొదలవుతుంది. నవ్వుతూ, రోజుకొకరిని.

సెక్యూరిటీ, శానిటేషన్ వాళ్లకి హాజరు వేసే చోట, సూపర్‌వైజర్ పక్కన నిలబడి మీరే చెప్పండి. సూపర్‌వైజర్ మీద వదిలేస్తే "అందరూ టైముకి రండి"తో కలిపి ఒక్క లైనులో చెప్పేస్తాడు.

7. వాట్సాప్: జాగ్రత్తగా

ఉన్న గ్రూపుల్లో పెట్టకండి. అక్కడ గుడ్ మార్నింగ్ పువ్వులు, పుట్టినరోజు కేకులు, డ్యూటీ మార్చుకునే బేరాల కింద మీ మెసేజ్ గంటలో మునిగిపోతుంది. అడ్మిన్లు మాత్రమే రాసేలా ఒక గ్రూపు విడిగా పెట్టండి. మెసేజ్‌తో పాటు 40 సెకన్ల వాయిస్ కూడా పెట్టండి. చదవడం ఇబ్బంది ఉన్నవాళ్లు వింటారు, స్కూటీ స్టాండు దగ్గర నలుగురు కలిసి కూడా వింటారు.

మెసేజ్ ఇన్ఫోలో నీలం టిక్కులు చూసి సంబరపడకండి. చూశారని తెలుస్తుంది, అంతే.

పీడీఎఫ్ పెడితే తెరిచేవాళ్లు తక్కువ. కాగితాన్ని ఫొటోగా పెట్టండి. రోగుల పేర్లు, కేస్ షీట్లు, కంప్యూటర్ స్క్రీన్ ఫొటోలు పొరపాటున కూడా పెట్టకండి, ట్రైనింగ్ కోసమైనా సరే. స్మార్ట్‌ఫోన్ లేని స్టాఫ్ ఎవరో లిస్టు రాసుకుని వాళ్లకి కాగితం చేతికివ్వండి.

ఇంకొకటి. బయటి నుంచి వచ్చే ఫార్వర్డులు మీ కంటే ముందే పరుగెడతాయి. 2025 మే నుంచి మెడికల్ కాలేజీ అధ్యాపకులకి ముఖం చూపించే ఆధార్ హాజరు తప్పనిసరి అయినప్పుడు, కాలేజీ చెప్పేలోపే రకరకాల వాయిస్ మెసేజ్‌లు తిరిగాయి. అలాంటప్పుడు వివరాలన్నీ తేలేదాకా ఆగకండి. "ఉత్తర్వు వచ్చింది, మన దగ్గర ఎలా అమలు చేస్తామో శుక్రవారం చెప్తాం" అని అదే రోజు ఒక లైను పెట్టండి.

8. ఒక రాత్రి మీరే వెళ్లండి

రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య. మందులు ఇవ్వడం అయిపోయి కాస్త ఊపిరి పీల్చుకునే టైము. క్యాజువాలిటీకి మాత్రం అప్పుడు వెళ్లకండి, అక్కడ తెల్లవారుజామున నయం. నైట్ డ్యూటీ వాళ్లకి ఆస్పత్రి అంటే వేరే ఊరు. వాళ్లని ఎవరూ ఏదీ అడగరు, చెప్పరు. నేను మొదటిసారి అలా వెళ్లినప్పుడు ఒక ఎంఎన్‌వో "ఏమైనా తప్పు జరిగిందా మేడమ్?" అని లేచి నిలబడ్డాడు. ఆఫీసు మనుషులు రాత్రి వచ్చేది ఎంక్వయిరీకే అని అతని అనుభవం. కాగితం చేతిలో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాక, పగటి వాళ్లెవరూ చెప్పని సంగతి చెప్పాడు: "తెల్లారి 4 గంటల నుంచే జనం వరండాలో లైను కడతారండి. 8 దాకా కౌంటర్లో ఎవరూ ఉండరు. ఏ కౌంటరు ఎవరిదో అప్పుడు చెప్పేదెవరు?" ఆ మాట మీదే కౌంటర్ల పైన రెండు రంగుల బోర్డులు పెట్టించాం.

9. ప్రశ్నల పుస్తకం

నర్సింగ్ ఆఫీసులో ఆ లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. ఎవరైనా అడిగింది ఎడమ పేజీలో, జవాబు కుడి పేజీలో. 24 గంటల్లో జవాబు రాయండి. పేరు రాయాలని పట్టుబట్టకండి. ఒకే ప్రశ్న మూడుసార్లు వస్తే అది కాగితంలోకి ఎక్కాల్సిందే.

10. ఆ రోజు, మర్నాడు

మార్పు రోజు 7 గంటల నుంచి 11 దాకా మీరు కౌంటర్ల దగ్గరే ఉండండి, గదిలో కాదు. మధ్యలో ఏదైనా మార్చాల్సొస్తే నోటితో చెప్పి వదిలేయకండి, తేదీ మార్చి కొత్త కాగితం ఇవ్వండి, పాతది గోడ మీంచి చించండి. రెండు కాగితాలు పక్కపక్కన వేలాడటం అన్నిటికంటే ప్రమాదం. మధ్యాహ్నం 2 గంటల షిఫ్టుకి పొద్దున్న జరిగిన రెండు మంచి విషయాలు, రెండు ఇబ్బందులు చెప్పండి. ఇబ్బందులు దాచకండి, వాళ్లకి అవి ముందే తెలుసు.

చేరిందో లేదో చూసుకోవడం

మార్పుకి రెండు రోజుల ముందు ఐదుగురిని అడగండి. ఎవరిని పడితే వాళ్లని కాదు: గేటు సెక్యూరిటీ ఒకరు, నైట్ ఎంఎన్‌వో ఒకరు, ఊడ్చే ఆవిడ ఒకరు, హౌస్ సర్జన్ ఒకరు, అసలు సంబంధం లేదనుకున్న డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరు. ప్రతి ఒక్కరికీ మూడే ప్రశ్నలు: ఎప్పటి నుంచి? నీ పనిలో ఏం మారుతుంది? రోగి అడిగితే ఏం చెప్తావు? ఐదుగురిలో నలుగురు మూడింటికీ చెప్పగలిగితే ముందుకెళ్లండి. లేకపోతే ఏ కుప్పలో తెగిందో చూసి, అక్కడికి మళ్లీ వెళ్లండి.

నాకు ఇంకా నచ్చే పరీక్ష ఒకటుంది. ఎంక్వయిరీ నంబరుకి బయటి నుంచి ఫోన్ చేసి, "అమలాపురం నుంచి మా అమ్మని తీసుకొస్తున్నానండి, ఫోన్ లేదు, చీటీ ఎక్కడ?" అని అడగండి. వచ్చే జవాబే మీ మార్కులు. మాకు మొదటిసారి వచ్చిన జవాబు: "తెలీదండి, రేపు రండి."

ఎన్‌ఏబీహెచ్ వాళ్లు చేసేది కూడా దాదాపు ఇదే. అసెసర్లు ఫైళ్లు చూసి ఊరుకోరు, దారిలో కనిపించిన అటెండర్‌ని ఆపి "మంట కనిపిస్తే ఏం చేస్తావు?" అని అడుగుతారు. అప్పుడు సూపరింటెండెంట్ గారి ముఖం చూడాలి.

తరచూ జరిగే తప్పులు

సంతకాల రిజిస్టరు. నర్సులు, అటెండర్లు చదవకుండా సంతకం పెట్టడంలో ఆరితేరారు, నేనూ పెట్టాను. రేపు గొడవైతే "సంతకం ఉంది కదా" అని ఆఫీసు తప్పించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆఫీసు రూల్ ప్రకారం తీసుకోక తప్పదంటే తీసుకోండి, పని అయిపోయిందనుకోకండి.

ప్రెస్‌మీట్ ముందు, స్టాఫ్ తర్వాత. పేపర్లో చదివి తెలుసుకున్న స్టాఫ్ నర్సుకి ఎంత చిన్నతనంగా ఉంటుందో ఊహించండి. రోగి ఆవిడకి చెప్తున్నాడు, ఆవిడ రోగికి కాదు.

ఆడిటోరియంలో 60 స్లైడ్ల పవర్‌పాయింట్. వచ్చేది డ్యూటీ లేనివాళ్లు, లేదా వార్డు వదిలేసి వచ్చినవాళ్లు. చివర్లో ఆత్రేయపురం పూతరేకులు పంచితే పూతరేకులే గుర్తుంటాయి. మాకు అలాగే గుర్తున్నాయి.

ప్రారంభోత్సవం రోజునే అంతా అయిపోయిందనుకోవడం. అసలు ఇబ్బందులు రెండో వారంలో, కొత్తదనం పోయాక వస్తాయి. 15వ రోజు ఆ ఐదుగురినీ మళ్లీ అడగండి.

మీ పరిస్థితి వేరైతే

రేపే మొదలుపెట్టమన్నారా? మొదటి కుప్పకి ఇవాళే ముఖాముఖి, రెండో కుప్పకి ఇవాళ సాయంత్రం 8 గంటల హ్యాండోవర్, గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు. మిగతావన్నీ తర్వాత. పాత పద్ధతి కౌంటర్ ఒకటి వారం పాటు తెరిచి ఉంచమని పట్టుబట్టండి, అది మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క రక్షణ.

రాజమండ్రి, ఏలూరుల్లో 2023లో వచ్చిన ప్రభుత్వ కాలేజీల్లాంటి కొత్త చోట్ల చిక్కు వేరు. పాత జిల్లా ఆస్పత్రి స్టాఫ్, కొత్తగా వచ్చిన కాలేజీ అధ్యాపకులు ఒకే కప్పు కింద ఉంటారు, రెండు గ్రూపులు, రెండు అలవాట్లు. కాగితం మీద సూపరింటెండెంట్, ప్రిన్సిపాల్ ఇద్దరి సంతకాలూ ఉండేలా చూడండి. 1958 నుంచి నడుస్తున్న కాకినాడ రంగరాయ కాలేజీ లాంటి పాత చోట్ల ఉన్నవాళ్లు ఇంకో తలనొప్పి చెప్తారు: ఎప్పటినుంచో ఉన్నవాళ్లు "ఇలాంటివి చాలా చూశాం" అంటారట. వాళ్లలో ఒకరిద్దరిని మొదటి మీటింగులోనే కూర్చోబెట్టి, వాళ్ల చేతే చెప్పించండి.

వరద రోజుల్లో మార్పు తేదీ పడిందంటే వాయిదా వేయండి. మూడో హెచ్చరిక దాకా వస్తే లంకల నుంచి వచ్చే స్టాఫ్ ఇళ్లు సర్దుకుంటూ ఉంటారు, వార్డుల్లో ఉన్నవాళ్లు రెండు షిఫ్టులు చేస్తుంటారు, పాము కాటు కేసులు వస్తుంటాయి. అప్పుడు పంపాల్సిన మెసేజ్ ఒక్కటే: "9వ తేదీ మార్పు వాయిదా పడింది. పాత పద్ధతే. కొత్త తేదీ నీళ్లు తగ్గాక చెప్తాం." ఇది కూడా నైట్ డ్యూటీ వాళ్లకి చేరిందో లేదో ఫోన్ చేసి అడగండి.